తల మీద తాతగారి చెయ్యి

కృష్ణతేజకి వినపడదన్న సంగతి అంతకాలం ఎవరికీ పట్టుబడకపోవడానికి కారణం, వాడు వేదం చదివే ఇంట్లో పుట్టడమే. ఇంకే ఇంట్లో పుట్టినా రెండో ఏటికే బయటపడేది.

వాడి తాత జగన్నాథం రేపల్లెలో తన ఇంటి వసారాలో ఇద్దరు ముగ్గురు శిష్యులకి పాఠం చెబుతుండేవాడు. వేదంలో అక్షరం ఎంతో స్వరమూ అంతే. స్వరం దిగేచోట శిష్యుడు తల వంచాలి, లేచేచోట ఎత్తాలి. కొత్తగా చేరినవాడికి అది తెలియదు గనక గురువే వాడి నెత్తిన చెయ్యి వేసి వంచుతాడు, ఎత్తుతాడు. కొన్నాళ్ళకి చెయ్యి తీసేసినా తల దానంతటదే కదులుతుంది. జగన్నాథం మనవణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకునే పాఠం చెప్పేవాడు. ఒడుగు కాని పిల్లాడికి వేదమేంటని ఎవరన్నా అడిగితే, "వాడికి చెప్పట్లేదు, ఎత్తుకుంటున్నానంతే" అనేవాడు. చెయ్యి మాత్రం వాడి నెత్తినే ఉండేది.

పిల్లాడికి నడకకంటే ముందు తల వంచడం వచ్చింది. వీపు తాత ఛాతీకి ఆనించి, ఎదురుగా ఉన్న శిష్యుల తలలకేసి చూస్తూ, దిగాల్సినచోట దిగేవాడు, లేవాల్సినచోట లేచేవాడు. చూడవచ్చినవాళ్ళు పూర్వజన్మ సంస్కారం అన్నారు. ఒక పెద్దాయన వాడి పాదాలు కళ్ళకద్దుకున్నాడు. మూడేళ్ళు నిండుతున్నా వాడి నోట అమ్మా అన్న మాట రాలేదన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ ఆనలేదు.

ఆనింది వాడి తల్లి మీనాక్షికి. ఆమెది బాపట్ల. అక్కడే బి.ఎస్సీ. చదివింది. పెళ్ళయి రేపల్లె వచ్చాక ఆ చదువుకి ఇంట్లో పని పడలేదు. భర్త భరద్వాజ హైస్కూల్లో తెలుగు మాస్టారు. బళ్ళో పిల్లలు అతని గొంతు వింటే వణుకుతారు. ఇంట్లో ఆ గొంతు తండ్రి ఎదురుగా ఎప్పుడూ లేవదు.

"మా వంశంలో మాట ఆలస్యమే అమ్మాయ్. నాకు ఐదో ఏట వచ్చింది," అన్నాడు జగన్నాథం. అది నిజమో కాదో చెప్పగలవాళ్ళు ఎవరూ బతికిలేరు. వసకొమ్ము అరగదీసి నాలుకకి రాశారు. చిలక కొరికిన జాంపండు తినిపిస్తే మాటలొస్తాయని పక్కింటావిడ చెప్పింది. బి.ఎస్సీ. చదివిన మీనాక్షి జామచెట్టు కింద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూసింది. అలాంటి పండు దొరికింది కూడా. పిల్లాడు ఇష్టంగా తిని, ఇంకోటి కావాలని చెయ్యి చాపాడు.

చివరికి తెనాలిలో చెవి డాక్టరు దగ్గరికి వెళదామంటే భరద్వాజ తండ్రిని అడిగాడు. జగన్నాథం కాదనలేదు, నేనూ వస్తానన్నాడు. కొంప మునిగింది అక్కడే.

డాక్టరు వెనకనుంచి చప్పట్లు కొట్టాడు. ఎదురుగోడకి పెద్ద అద్దం ఉంది. పిల్లాడు అందులో చూసి తిరిగాడు. గంట వాయించాడు. ఒకసారి తిరిగాడు, ఒకసారి తిరగలేదు. డాక్టరు పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచిస్తున్నాడు. అప్పుడు జగన్నాథం, "డాక్టరుగారూ, ఒక్క నిమిషం," అని మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని వేదంలోంచి ఒక పనస చదివాడు. పిల్లాడి తల ఎక్కడా తప్పలేదు. డాక్టరు లేచి నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. రెండు చేతులూ జోడించాడు.

"స్వరం ఇంత సూక్ష్మంగా పట్టుకునే చెవికి ఏం లోపం ఉంటుందండీ? మాట రావడం లేటు, అంతే. ఏడాది ఆగి చూద్దాం," అన్నాడు. ఫీజు కూడా పుచ్చుకోలేదు.

పుచ్చుకుని పరీక్ష చేసి ఉంటే బాగుండేది. భక్తి మంచిదే కావచ్చు. అయితే డాక్టరు దగ్గరికి వాళ్ళు వచ్చింది భక్తితో కాదు, ఒక చంటివాడి చెవితో. ఆ ఏడాది ఎవరి ఖాతాలోనూ పడలేదు. పిల్లాడి వయసులో మాత్రం కలిసింది.

ఏడాది రెండేళ్ళకి దగ్గరపడుతున్న వానాకాలంలో జగన్నాథానికి గొంతు పూర్తిగా పోయింది. మాట పెగలదు. శిష్యుల్ని ఇళ్ళకి పంపేశాడు. ఆ పొద్దున మీనాక్షి మిరియాల కషాయం పట్టుకుని వసారాలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. పిల్లాడు తాత ఒళ్ళో ఉన్నాడు. తాత పెదవులు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు. చెయ్యి నెత్తిన ఉంది. తల వంగుతోంది, లేస్తోంది, ఎప్పటిలాగే. చూరునీళ్ళ చప్పుడు తప్ప అక్కడ వినడానికి ఏమీ లేదు.

ఆమె కషాయం గ్లాసు గడప మీద పెట్టేసింది. ఎందుకో ముందు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆర్పింది. తర్వాత వచ్చి పిల్లాడి వెనకగా నిలబడి స్టీలు పళ్ళెం నేల మీద పడేసింది. జగన్నాథం ఉలిక్కిపడ్డాడు. ఆయన ఒళ్ళు అదిరేసరికి పిల్లాడూ అదిరాడు. వాడు తిరిగి చూసింది తాత మొహంలోకి, పళ్ళెం వైపు కాదు.

ఆ వారమే ఆమె భర్తతో గొడవపడి, తెనాలిలోనే ఇంకోచోట పరీక్ష చేయించింది. ఈసారి మామగారిని రానివ్వలేదు. పిల్లాడికి నిద్రమందు పట్టి, తలకి వైర్లు అంటించి, చెవిలోకి శబ్దాలు పంపి మెదడు పలుకుతుందో లేదో చూసే పరీక్ష అది. కాగితం మీద గీతలు వచ్చాయి. పలికితే అలలా లేవాలట. లేవలేదు. రెండు చెవులకీ లేవలేదు.

"ముందు మిషన్ పెట్టి చూడాలమ్మా. దానికి లాభం లేకపోతే ఆపరేషన్ చేసి చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్," అంది అక్కడి ఆవిడ. ఆ రెండు మాటలూ మీనాక్షి అంతకుముందు వినలేదు. బస్సులో రేపల్లె దాకా లోలోపలే అనుకుంటూ వచ్చింది, మర్చిపోతానేమోనని.

బాపట్లలో ఎవరో ఉచిత శిబిరం పెట్టి వినికిడి మిషన్లు ఇస్తున్నారంటే పుట్టింటి వంకతో తీసుకెళ్ళింది. అక్కడ పరీక్ష చేసే అమ్మాయి గిలక్కాయ ఊపింది. పిల్లాడు తిరిగాడు. మీనాక్షి మొహం విప్పారింది. ఆ అమ్మాయి గిలక్కాయ కింద పెట్టేసింది.

"మేడమ్, మీరు అటు తిరిగి కూచోండి. వాడు శబ్దానికి తిరగట్లేదు. మీ కనుబొమలకి తిరుగుతున్నాడు."

అప్పటినుంచి మొహంలో ఏమీ కనపడనివ్వకుండా ఉండడం మీనాక్షి నేర్చుకుంది. కొడుకు నిజం తెలియాలంటే తల్లి మొహం చచ్చిపోవాలన్నమాట. మిషన్ డబ్బా పిల్లాడి ఛాతీకి తగిలించారు. అది కీచుమనేది. వీధిలో అందరూ చెవులు మూసుకునేవారు. వాడు మాత్రం దాంతో బొమ్మలా ఆడుకునేవాడు.

ఇంప్లాంట్ సంగతి చెప్పేవాళ్ళ కోసం పిల్లాణ్ణి వెంటబెట్టుకుని తెనాలిలో నెట్ సెంటరుకి వెళ్ళింది. తెర మీద అమెరికా పిల్లలు పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నారు. ఇంగ్లీషు అర్థం కాక కాదు. అర్థమైనదానితో చెయ్యడానికేమీ లేదు. మీ ఇన్సూరెన్స్ కంపెనీతో మాట్లాడండి అని ఉంది. మీ ప్రాంతంలోని తల్లిదండ్రుల బృందాన్ని కలవండి అని ఉంది. ఆమె ప్రాంతంలో బృందమంటే ఆమే. కరెంటు పోయింది. బయటికి వచ్చి స్టేషనుకి నడిచింది.

రేపల్లె పాసింజరు ఇంకా పెట్టలేదు. ప్లాట్‌ఫాం బెంచీ మీద ఒకావిడ ఏడెనిమిదేళ్ళ పిల్లకి ఇడ్లీ తినిపిస్తోంది. పిల్ల జడ పక్కన, చెవికి పైగా, నల్లటి బిళ్ళ ఒకటి తలకి అతుక్కుని ఉంది. దాన్నుంచి సన్నటి తీగ చెవి వెనకకి పోయింది. మీనాక్షి చూపు తిప్పుకోలేకపోయింది.

"చూడండి, పర్లేదు. అందరూ చూస్తారు," అంది ఆవిడ. "రేడియోనా అని అడిగాడు ఇందాక టికెట్ కలెక్టరు. అవునండీ, పాటలు పెట్టమంటారా అన్నాను."

ఆవిడ పేరు చంద్రకళ. ఊరు కొలకలూరు. వ్యవసాయం. కూతురు శ్రీజ. మీనాక్షి తన ఒళ్ళో నిద్రపోతున్న కృష్ణతేజ ఛాతీ మీది డబ్బా చూపించింది. చంద్రకళ ఇడ్లీ పొట్లం మడిచేసింది.

"ఇది నవ్వులాటకి కాదక్కా, నిజం చెప్తున్నా. అమ్మిన మా మెరక చేను మొత్తం దీని చెవిలోనే ఉంది. మా ఆయన నరసింహారావు అంటాడు, ప్రపంచంలో ఇంత నున్నగా దున్నిన చేను ఇంకోటి లేదని."

"ఆపరేషన్ అవగానే మాట్లాడిందా?"

"ఆపరేషన్ రోజున ఏమీ వినపడదు. పుండు మానాక బయట మిషన్ పెట్టి స్విచాన్ చేస్తారు. ఆ రోజు మా ఆయన కొత్త చొక్కా వేసుకుని కూచున్నాడు, నాన్నా అంటుందని. ఇది గుక్కపట్టి ఏడ్చింది. మరి చెవి ఆ రోజే పుట్టింది కదా? పుట్టిన పిల్ల ఏం మాట్లాడుతుంది? రోజూ ఎదురుగా కూచుని చెప్పాలి. ఇది చెంచా, ఇది గేదె, గేదె అరుస్తోంది. మాటిమాటికీ హైదరాబాదు పోయి మిషన్ సరిచేయించాలి. చెమ్మ తగిలితే పలకదు. వానొస్తే నా కూతురికంటే దాని మిషన్‌కే ముందు గొడుగు పడతా." ఆవిడ కూతురి వీపు మీద చెయ్యి వేసింది. "శ్రీజా, అత్తకి పేరు చెప్పు."

"శ్రీ...జ," అంది పిల్ల. గొంతు ముక్కులోంచి, కొంచెం బరువుగా వచ్చింది. మీనాక్షికి అంతకంటే మంచి ఉచ్చారణ వేదం చదివే ఇంట్లో కూడా వినపడలేదు.

"వీడికెన్నేళ్ళు?" అంది చంద్రకళ.

"ఐదు దాటాయి."

చంద్రకళ అప్పటిదాకా నవ్వుతూనే చెప్పింది. ఇప్పుడు నవ్వు ఆపింది. "మరి ఇంకా ఏం చూస్తున్నావక్కా? చిన్నప్పుడైతేనే మెదడు పట్టుకుంటుంది. గవర్నమెంటు కూడా చేయిస్తుందంటున్నారు గానీ, చిన్నపిల్లలకే. రేపే పో. మీ ఇంట్లో ఎవరు ఆపుతున్నారు?"

ఎవరూ ఆపడం లేదు. అదే కష్టం. ఆపితే పోట్లాడవచ్చు. జగన్నాథం వద్దనలేదు, నమ్మలేదంతే. గొంతు తిరిగి వచ్చింది. పాఠం మళ్ళీ మొదలైంది.

"వాడికి చెవుడేంటి అమ్మాయ్? నా శిష్యులకంటే నయం వాడు."

"మీకు గొంతు పోయిన రోజు కూడా తల వంచాడు మామయ్యగారూ. నేను చూశాను."

"నేను లోపల చదువుతూనే ఉన్నాను."

"లోపల చదివింది మీకు వినపడుతుంది. వాడికెలా వినపడుతుంది?"

"ఒళ్ళో ఉన్నవాడికి అందుతుంది." ఆయన కోపంతో అనలేదు. నిజంగానే అలా నమ్మాడు. "ఎవరో చెప్పారని పసివాడి పుర్రెకి చిల్లు పెట్టి ఇనుము దూరుస్తామా? శని మారేదాకా ఆగు."

మీనాక్షి భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

"నాన్నగారు వద్దనట్లేదు కదా," అన్నాడు భరద్వాజ. "ఒక్కసారి ఆయన సరే అంటే రేపే వెళదాం." తెలుగు మాస్టారికి ఇంతకంటే సుళువైన వాక్యం దొరకలేదు.

శని మారింది. ఆ తర్వాత ఏదో మూఢం వచ్చింది. ఆషాఢం వచ్చింది. మీనాక్షి ఒంటరిగా హైదరాబాదు ఎలా పోవాలో, ఎవరింట్లో ఉండాలో, ఆపరేషన్‌కి సంతకం తన ఒక్కదానిది చాలుతుందో లేదో తెలియక, చంద్రకళకి ఫోన్ చేసేది. చంద్రకళ తిట్టేది. తిట్టడానికైనా ఒక మనిషి ఉందని మీనాక్షి వినేది. పిల్లాడి నెత్తిన మామగారి చెయ్యి కనపడితే మాత్రం ఏదో ఒక వంక పెట్టి వాణ్ణి లాక్కొచ్చేసేది. స్నానమనేది, అన్నమనేది. ఒకసారి ఏ వంకా దొరక్క, "వాడి తల ముట్టుకోకండి," అనేసింది. ఇంట్లో వారం రోజులు ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. ఆమెకి దానికంటే పెద్ద నిశ్శబ్దమే ఉంది గనక అది పట్టలేదు.

ఆ మాట మామగారి మీద ఏం పనిచేసిందో తెలియదు. ఒక తెల్లవారుజామున వసారాలోంచి వేదం గట్టిగా వినపడి మీనాక్షి బయటికొచ్చింది. పిల్లాడు నేల మీద చింతగింజలు వరస పేరుస్తున్నాడు. జగన్నాథం వాడికి వెనకగా నిలబడి ఉన్నాడు. ఒళ్ళోకి తీసుకోలేదు, ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. చదువుతున్నాడు. వాడు కదల్లేదు. గొంతు పెంచాడు. వీధిలో పాలవాడు సైకిలాపి ఇటు చూశాడు. మెడ నరాలు ఉబ్బేదాకా పెంచాడు. వాడు ఒక గింజ వంకరగా ఉందని తీసి, సరిచేసి పెట్టాడు.

ఆయన పనస మధ్యలో ఆపేశాడు. ఆ ఇంట్లో పాఠం అలా మధ్యలో ఆగడం మీనాక్షి ఎప్పుడూ చూడలేదు.

"భరద్వాజా," అన్నాడు లోపలికి. "హైదరాబాదు బయల్దేరండి."

బయల్దేరారు. హైదరాబాదు డాక్టరు మంచివాడే, పైగా తొందరలేనివాడు. కాగితాలన్నీ చూశాడు. ప్రభుత్వం చేయించే ఆపరేషన్‌కి వయసు దాటిందన్నాడు. సొంతంగా చేయించుకుంటే ఎంతవుతుందో చెప్పాడు. వాళ్ళకి చేను లేదు. ఉన్న ఇల్లు దేవస్థానానిది.

"ఒకవేళ ఎలాగో తెచ్చామనుకోండి సార్," అంది మీనాక్షి, "మాట్లాడతాడా?"

"శబ్దం తెలుస్తుందమ్మా. హారన్, తలుపు చప్పుడు. మాట సంగతి... ఇన్నేళ్ళు వినకుండా ఉన్న మెదడు కదా. నేను మాటివ్వలేను. మూడేళ్ళప్పుడు ఎవరికీ చూపించలేదా?"

చూపించామని ఎవరూ అనలేదు. అంటే ఆ కథంతా చెప్పాలి. తెనాలి డాక్టరు చెప్పులు విప్పిన సంగతి కూడా చెప్పాలి. బాపట్లలో ఇలాంటి పిల్లల బడి ఉంది కదా, సైగలతో చక్కగా చదువు చెబుతారు, ఆలస్యం చెయ్యకండి అన్నాడాయన. ఆలస్యం చెయ్యకండి అన్న మాట వాళ్ళతో ఎవరైనా అనడం చంద్రకళ తర్వాత అదే. ఆమె అన్నది ఆపరేషన్‌కి. ఈయన అంటున్నది ఆపరేషన్ లేకపోవడానికి.

తిరిగొచ్చిన రోజు భోజనమయ్యాక జగన్నాథం వసారాలో కూచుంటే పిల్లాడు అలవాటుగా వెళ్ళి ఒళ్ళో ఎక్కాడు. తాత చెయ్యి కదల్లేదు. వాడే ఆ చెయ్యి పట్టుకుని తెచ్చి తన నెత్తిన పెట్టుకున్నాడు. జగన్నాథం కోడలి వైపు చూశాడు. మీనాక్షి అడ్డు చెప్పలేదు. ఆయన పెదవులు కూడా కదపలేదు. చెయ్యి మాత్రం వంగింది, లేచింది. పిల్లాడికి అందులో ఏ తేడా కనపడలేదు.

కొన్నాళ్ళకి, బాపట్ల బడికి పంపడానికి వాడి బట్టలు సర్దుతుండగా ఫోన్ మోగింది. దగ్గర్లోని నగరం అనే ఊరి నుంచి ప్రమీలారాణి అనే అమ్మాయి. నంబరు చంద్రకళ ఇచ్చిందట. లైను తెగుతుందేమోనని ముందు తన నంబరు రాయించి, గొంతు తగ్గించి మాట్లాడింది.

"మా బాబుకి రెండేళ్ళండీ. పిలిస్తే పలకట్లేదండీ. మా మామగారేమో ట్రాక్టర్ వస్తే తిరుగుతాడు, చెవులు బానే ఉన్నాయంటారండీ."

మీనాక్షి గబగబా చెప్పేసింది. "ట్రాక్టరుకి నేల అదురుతుంది, అందుకు తిరుగుతాడు. నిద్రమందు పట్టి చేసే పరీక్ష అడుగు. చప్పట్లు కొట్టి పంపేస్తే ఒప్పుకోకు. పరీక్ష చేసేటప్పుడు నీ మొహం వాడికి కనపడనివ్వకు. ఏడాది ఆగమంటారు, ఆగకు. రెండేళ్ళంటే ఇంకా టైముంది తల్లీ. ఈ వారమే వెళ్ళు."

"నా మాట ఎవరు వింటారండీ? మామగారు పక్కనే ఉన్నారు. మీరు చెబుతారా?"

కోడళ్ళు చెబితే మామగార్లు ఎంత వింటారో మీనాక్షికి తెలుసు. ఆమె రిసీవర్ మీద చెయ్యి అడ్డం పెట్టి, వసారాలోకి చూసింది. "మామయ్యగారూ, ఒకసారి రండి. నగరంలో ఒక పెద్దాయన. మనవడికి వినపడదు, ఆయన నమ్మట్లేదు."

జగన్నాథం వచ్చాడు. రిసీవర్ రెండు చేతులతో పట్టుకున్నాడు. తీగ పొట్టిది కావడంతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"అయ్యా, నేను రేపల్లె జగన్నాథాన్ని. వేదం చెబుతాను. మా మనవడికి చెవులు లేవు. ఉన్నాయని నేనే పట్టుబట్టాను. డాక్టరు దగ్గర కూడా నేనే ఉన్నాయనిపించాను. మూడేళ్ళు పోయాయి. ఇప్పుడిక వాడికి ఏం చెయ్యడానికీ లేదు. మీరు అలా చెయ్యకండి."

ఆ మాటలు ఆయన పైకి అనడం అదే మొదటిసారి. మీనాక్షి గోడ గడియారం వైపు తిరిగి నిలబడింది. అవతలి గొంతు, ప్రమీలారాణి మామగారు చెంచురామయ్యట, పెద్దది. గదంతా వినపడింది.

"అయ్యబాబో, జగన్నాథంగారా? మీ పేరు విన్నామండీ. మీ పాదధూళికి సరిపోమండీ మేము. మీ అంతటివారి ఇంట్లోనే, రోజూ వేదం చదివే ఇంట్లోనే తప్పలేదంటే, మాబోటోళ్ళం ఎంతండీ. అంతా ప్రాప్తమండీ. మా కోడలికి అదే చెబుతున్నా, బెంగపెట్టుకోకమ్మా అని. మీ నోట వినడం మా అదృష్టమండీ. ఉంటానండీ."

"అయ్యా, అది కాదు. వినండి," అన్నాడు జగన్నాథం. అప్పటికే చెంచురామయ్య ఫోన్ పెట్టేశాడు.

ఆయన రిసీవర్ చెవికి ఆనించుకునే ఉన్నాడు, ఇంకా ఎవరో మాట్లాడుతున్నట్టు. "ఏం తప్పు చెప్పాను అమ్మాయ్?" అన్నాడు చివరికి.

తప్పేమీ చెప్పలేదు. ఆయన నోటినుంచి ఏది వచ్చినా జనం చేతులు జోడించే వింటారు. ఆ వినడమే ఒకసారి కృష్ణతేజని ముంచింది. మీనాక్షి రిసీవర్ తీసుకుని రాసుకున్న నంబరు తిప్పింది. పిల్లాడు గుమ్మంలో నిలబడి, కొత్త బడి చొక్కా ఒక చేతికే తొడుక్కుని, ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఆమె మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

అవతల రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. ఆమె పెట్టేసి మళ్ళీ తిప్పింది.